ప్యాకింగ్ పారామీటర్ వెసికిల్ అంటోంది, నా సిమ్యులేషన్ చదును పొర దగ్గరే ఆగిపోతోంది. ఎవరిని నమ్మాలి?

తోకలు_రెండు:

అందరికీ నమస్కారం. సాఫ్ట్ మ్యాటర్ వైపు ఈమధ్యే వచ్చాను, మా గ్రూపులో లిపిడ్ల మీద పనిచేసేది నేనొక్కదాన్నే కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. ప్రశ్న కాస్త పొడవు, ఓపిగ్గా చదవండి.

డీపీపీసీ లిపిడ్లు (నీళ్లని ఇష్టపడే ఒక తల, నీళ్లంటే పడని రెండు తోకలున్న ఫాస్ఫోలిపిడ్ అణువులు) నీళ్లలో వాటంతట అవే ఎలా కూడుకుంటాయో మోడల్ చేయాలి. ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. టాన్‌ఫర్డ్ సూత్రాల ప్రకారం ఒక్కో తోక ఘనపరిమాణం 27.4 + 26.9 × కార్బన్ల సంఖ్య (ఘన ఆంగ్‌స్ట్రాముల్లో), పూర్తిగా చాచిన పొడవు 1.5 + 1.265 × కార్బన్ల సంఖ్య. కార్బొనిల్ కార్బన్‌ని తలకి వదిలేసి తోకకి 15 చొప్పున తీసుకుంటే రెండు తోకలకీ కలిపి సుమారు 862 ఘన ఆంగ్‌స్ట్రాములు, పొడవు 20.5. ద్రవ దశలో తల వైశాల్యం 64 చదరపు ఆంగ్‌స్ట్రాములు వేశాను. ఘనపరిమాణాన్ని వైశాల్యంతోనూ పొడవుతోనూ భాగిస్తే, అదే ప్యాకింగ్ పారామీటర్, 0.66 వచ్చింది. ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండే ఆ పట్టిక చూస్తే 1/3 లోపు గుండ్రటి మైసెల్ (తోకలు లోపల, తలలు బయట ఉండే చిన్న గుంపు), 1/3 నుంచి 1/2 దాకా కడ్డీలు, 1/2 నుంచి 1 దాకా వెసికిల్స్ (లోపల నీళ్లుండే బోలు గోళంలా మూసుకున్న రెండు వరసల పొర), 1 దగ్గర చదును పొర. అంటే నాకు వెసికిల్ రావాలి.

తర్వాత మార్టినీ ఫోర్స్ ఫీల్డ్‌తో (కొన్ని పరమాణువుల్ని కలిపి ఒక్కో పూసగా తీసుకునే మోడల్) 512 లిపిడ్లు, చుట్టూ నీటి పూసలు, 323 కెల్విన్, అన్నీ చెల్లాచెదురుగా పడేసి రన్ పెట్టాను. ఎక్కడెక్కడి లిపిడ్లూ కాసేపటికి ఒకచోటికి చేరాయి, మధ్యలో ఒక నీటి రంధ్రం చాలాసేపు మిగిలింది, అది కూడా మూసుకుపోయాక పెట్టె ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నున్నటి చదును పొర తయారైంది. అంతే, ఇక కదలదు. వేరే సీడ్లతో (వేరే యాదృచ్ఛిక ఆరంభాలతో) మొదలుపెట్టినా అదే.

మా గైడ్ ఇంకా ఎక్కువసేపు రన్ చేయమంటున్నారు. పక్క గ్రూపు అబ్బాయేమో ఫోర్స్ ఫీల్డే తేడా, ఆల్ ఆటమ్‌కి (ప్రతి పరమాణువునీ విడిగా లెక్కించే మోడల్‌కి) మారిపో అంటున్నాడు. నాకేమో సిద్ధాంతమూ సిమ్యులేషనూ రెండూ ఒకే ప్రశ్నకి జవాబు చెబుతున్నాయా అన్నదే అనుమానం. వీటిలో ఏది నిజం? ఒక్కో రన్‌కి క్లస్టర్ టైమ్ బాగా ఖర్చవుతోంది కాబట్టి గుడ్డిగా ఇంకొకటి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

పెట్టె_బయట:

ముందు ఒక్క మాట, మిగతాది తీరిగ్గా ఎవరైనా చెబుతారు. మీ పొర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉందన్నారు కదా. పీరియాడిక్ బౌండరీ (ఒక గోడ దాటినది ఎదుటి గోడలోంచి తిరిగొచ్చే ఏర్పాటు) పెట్టారు కాబట్టి అటు చివర ఇటు చివరకి అతుక్కుని ఉంది, అంటే ఆ పొరకి అంచే లేదు. వెసికిల్‌గా ముడుచుకోవడానికి లిపిడ్లని తోసేది అంచు దగ్గరి ఖర్చు ఒక్కటే, అక్కడ తోకలు నీళ్లకి ఎదురుపడతాయి, లేదా వాటిని దాచడానికి తలలు వంపు తిరగాలి. మీ పెట్టెలో ఆ ఖర్చు సున్నా. ఇంకో నెల నడిపినా, సంవత్సరం నడిపినా అది ముడుచుకోదు, ముడుచుకోవాల్సిన కారణమే అక్కడ లేదు. కాబట్టి ఎక్కువసేపు రన్ చేయడం ఈ సమస్యకి మందు కాదు.

ఇంకోటి, ప్రెజర్ కప్లింగ్ (ఒత్తిడి నిలకడగా ఉండేలా పెట్టె సైజుని సర్దే పద్ధతి) ఏది వాడారు? చెల్లాచెదురు స్థితి నుంచి మొదలుపెట్టేటప్పుడే సెమీ ఐసోట్రోపిక్ (రెండు దిశలు కలిసి, మూడోది విడిగా మారేది) పెడితే ఒక అక్షాన్ని ముందే ప్రత్యేకం చేసినట్టవుతుంది, పొర వేరే దిశలో ఏర్పడితే దాని మీద అనవసరపు తన్యత పడుతుంది. కూడుకునే దశలో మూడు దిశల్నీ విడివిడిగా వదిలెయ్యండి, పొర ఏ దిశలో కుదురుకుందో చూశాక అప్పుడు మార్చుకోండి.

చిన్న పెట్టెల్లో ఇది మామూలే. లిపిడ్, నీళ్ల నిష్పత్తి మారిస్తే అదే అణువు ఒకసారి పెట్టెకి అడ్డంగా కడ్డీలా, ఇంకోసారి పొరలా, మరోసారి నీళ్లే కడ్డీగా లిపిడే చుట్టూ ఉన్నట్టుగా కనిపిస్తుంది. పెట్టె సైజు మారిస్తే ఆకారం మారిపోతోందంటే మీరు కొలుస్తున్నది అణువు గుణాన్ని కాదు, పెట్టె గుణాన్ని.

వక్రత:

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. అసలు గందరగోళం మాత్రం ఆ పట్టిక దగ్గరే మొదలైంది, కాబట్టి అక్కడి నుంచే వస్తాను. పుస్తకాల్లో అది ఎంత సులువుగా కనిపిస్తుందంటే, అది నిజంగా ఏం చెబుతోందో ఆగి చూసేవాళ్లు తక్కువ.

ఇజ్రాయెలాచ్‌విలి, మిచెల్, నిన్‌హామ్ 1976లో ఆ నిష్పత్తిని తెచ్చినప్పుడు దాని వెనకున్న వాదన ఇది: గుంపు మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఏ తోకా దాని పూర్తి పొడవుని మించి సాగదు. గోళం వ్యాసార్థం తోక పొడవు కంటే పెద్దదైతే నడిమధ్యలో ఖాళీ వస్తుంది. నిష్పత్తి 1/3 దాటితే గోళం కుదరదు, 1/2 దాటితే కడ్డీ కూడా కుదరదు. అంటే ఆ సంఖ్య ఏ ఆకారం రావాలో చెప్పదు, ఏవి రాకూడదో చెబుతుంది. మీ 0.66 చెప్పింది గోళమూ కడ్డీ కుదరవు, పొర కుదురుతుంది అని. అంతవరకే. ఆ పొర చదునుగా ఉంటుందా, మూసుకుని వెసికిల్ అవుతుందా అన్న దాని మీద దానికి అభిప్రాయం లేదు. మీ సిమ్యులేషన్‌లో పొర వచ్చింది, కాబట్టి రెండింటికీ గొడవేం లేదు.

చదును పొరకి నిష్పత్తి 1 ఉండాలి కదా, మరి 0.66 ఏమిటి అంటారేమో. ఇక్కడొక ముచ్చటైన సంగతి ఉంది. చదును పొరలో తోకల ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ఒక అరపొర (పొరలోని రెండు వరసల్లో ఒకటి) నూనె భాగం, అంటే తోకల భాగం, మందం. మీ లెక్కలో 862ని 64తో భాగిస్తే సుమారు 13.5 ఆంగ్‌స్ట్రాములు. పూర్తిగా చాచిన తోక 20.5. రెండింటి నిష్పత్తే మీ 0.66! అంటే చదును పొర విషయంలో ఆ సంఖ్య చెబుతున్నది తోకలు ఎంత ముడుచుకుని ఉన్నాయన్నదే. ద్రవ దశలో తోకలు నిటారుగా నిలబడవు, వంకర్లు తిరిగి, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, అందుకే 1 కంటే తక్కువ. జెల్ దశలో వైశాల్యం 48 దగ్గరికి దిగుతుంది, తోకలు బిగుసుకుని నిలబడతాయి, అదే నిష్పత్తి 1 వైపు ఎగబాకుతుంది. అణువు మారలేదు, ఉష్ణోగ్రత మారిందంతే.

ఇప్పుడు వెసికిల్ సంగతి. దీనికి అణువుల్ని మర్చిపోయి పొరని పల్చటి రేకులా చూడాలి, హెల్‌ఫ్రిష్ 1973లో చేసింది అదే. ఆయన కంటే ముందు 1970లో కాన్‌హామ్ ఎర్ర రక్త కణాల ఆకారం కోసం వంపు శక్తిని వాడాడు. రేకుని వంచడానికి రెండు స్థిరాంకాలు: బెండింగ్ మాడ్యులస్ (వంగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పేది, కప్పా అంటారు), గాసియన్ మాడ్యులస్ (తెరిచిన పొర మూసుకున్నప్పుడు మారే ఖర్చుని చెప్పేది). మామూలు ఫాస్ఫోలిపిడ్ పొరకి కప్పా సుమారు 20 కేటీ (కేటీ అంటే అణువుల వేడి కదలికల శక్తికి కొలత). పొర రెండు వైపులా ఒకేలా ఉంటే మూసుకున్న గోళం మొత్తం వంపు ఖర్చు 8 × పై × కప్పా (పై అంటే 3.14), దానికి 4 × పై × గాసియన్ మాడ్యులస్ కలుపుకోవాలి. గమనించండి, ఇందులో వ్యాసార్థం ఎక్కడా లేదు! చిన్న వెసికిల్ అయినా పెద్ద వెసికిల్ అయినా వంపు ఖర్చు ఒకటే. అంచు ఖర్చు మాత్రం బిళ్ల (చుట్టూ అంచున్న గుండ్రటి చదును పొర ముక్క) పెద్దదయ్యే కొద్దీ పెరుగుతూ పోతుంది. కాబట్టి ఒక సైజు దాకా తెరిచిన బిళ్ల చవక, అది దాటితే మూసుకున్న గోళం చవక.

అంకెలు వేద్దాం. గాసియన్ మాడ్యులస్ దాదాపు మైనస్ కప్పా అనుకోండి (డెసెర్నో బృందం 2012లో కోర్స్ గ్రెయిన్ (పూసల) మోడల్‌లో కొలిస్తే మైనస్ 0.95 కప్పా దగ్గర వచ్చింది). లైన్ టెన్షన్ (అంచు పొడవులో ఒక్కో యూనిట్‌కి అయ్యే ఖర్చు) 10 పీకోన్యూటన్లు అనుకోండి. కప్పా 20 కేటీ అంటే 82 పీకోన్యూటన్ నానోమీటర్లు. రెండు ఖర్చులూ సమానమయ్యే వెసికిల్ వ్యాసార్థం 82ని 10తో భాగిస్తే వచ్చేదే, 8.2 నానోమీటర్లు. సోనికేషన్‌తో (శబ్ద తరంగాలతో కుదిపి) వచ్చే అతి చిన్న వెసికిల్స్ 20 నానోమీటర్ల వ్యాసం దగ్గర ఆగిపోవడం ఈ లెక్కకి దగ్గరగానే ఉంది.

మీ 512 లిపిడ్లు చూడండి. ఒక్కో వైపు 256, ఒక్కొక్కటి 0.64 చదరపు నానోమీటర్లు, మొత్తం 164. దాన్ని గోళంగా చుడితే వ్యాసార్థం 3.6 నానోమీటర్లు. పొర మందమే 4 నానోమీటర్ల పైన. ఆ సైజులో వెసికిల్ అసలు అవకాశమే లేదు. 8.2 రావాలంటే దాదాపు 2,600 లిపిడ్లు కావాలి.

ఇక్కడితో అయిపోలేదు, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. రెండు ఖర్చులూ సమానమైనంత మాత్రాన బిళ్ల వెంటనే ముడుచుకోదు. మధ్యలో గిన్నె ఆకారం దాటాలి, అక్కడ వంపు ఖర్చు అప్పటికే చాలా చెల్లించేశాం, అంచు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఫ్రోమ్‌హెర్జ్ 1983లో వేసిన ఈ లెక్కలో గిన్నెని గోళంలో ఒక ముక్కగా తీసుకుంటే చాలు, కాగితం మీద పది నిమిషాల పని. 8.2 నానోమీటర్ల దగ్గర ఆ మిట్ట ఎత్తు పై × కప్పా, అంటే 63 కేటీ. ఏ కంప్యూటర్ మీదైనా అది దానంతట అది దాటేది కాదు. వ్యాసార్థం ఒకటిన్నర రెట్లు చేస్తే మిట్ట 16 కేటీకి పడిపోతుంది. రెండు రెట్లు, అంటే 16.4 నానోమీటర్ల దగ్గర మిట్ట పూర్తిగా మాయమవుతుంది, బిళ్ల ఇక తనంతట తనే జారిపోతుంది. వైశాల్యం నాలుగు రెట్లు కాబట్టి అప్పుడు లిపిడ్లు 10,500 పైచిలుకు. మీ కంటి ముందు వెసికిల్ తయారవ్వాలంటే ఈ లోకంలోకి రావాలి.

ఉప్పునీరు:

వక్రత గారు చాలా బాగా చెప్పారు. నేను ఒక్క చోట ఇంకాస్త గట్టిగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే కొత్తవాళ్లు మోడలింగ్‌లో ఇక్కడే దారి తప్పడం చూస్తుంటాను.

తోకలు_రెండు గారూ, మీరు 64 అనే వైశాల్యాన్ని ఎక్కడి నుంచి తెచ్చారు? ప్రయోగంలో చదును పొర మీద కొలిచిన విలువ అది. అంటే పొర ఏర్పడ్డాక కొలిచిన అంకెని తీసుకొచ్చి, పొర ఏర్పడుతుందని ఊహించడానికి వాడారు. ఇది మీ ఒక్కరి సంగతి కాదు, పట్టిక చూసి చాలామంది ఇదే చేస్తారు. తల వైశాల్యం లిపిడ్ అణువు నుదుటి మీద రాసి ఉన్న సంఖ్య కాదు, అది రెండు బలాల పోటీలో తేలేది. నూనె, నీళ్ల సరిహద్దు తన్యత (సుమారు 50 మిల్లీన్యూటన్లు, మీటరుకి) వైశాల్యాన్ని తగ్గించాలని చూస్తుంది, తలల మధ్య వికర్షణ పెంచాలని చూస్తుంది. వికర్షణ వైశాల్యానికి విలోమంగా ఉందనుకుంటే వాటి బ్యాలెన్స్ ఒక వర్గమూలంగా వస్తుంది. ఆ వికర్షణ ఉప్పుతో మారుతుంది, పీహెచ్‌తో మారుతుంది, ఉష్ణోగ్రతతో, పక్కన ఏ అణువు ఉందన్న దానితో కూడా మారుతుంది.

దీనికి ఎస్‌డీఎస్ (సబ్బులా పనిచేసే డిటర్జెంట్ అణువు) కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒకే తోక, 12 కార్బన్లు. టాన్‌ఫర్డ్ సూత్రాలతో ఘనపరిమాణం 350, పొడవు 16.7. ఆ పొడవే వ్యాసార్థంగా గోళం గీస్తే అందులో 55 లేదా 56 అణువులు పడతాయి, తల వంతుకి 63 చదరపు ఆంగ్‌స్ట్రాములు వస్తాయి. ప్రయోగాల్లో ఒక మైసెల్‌లో దాదాపు 60 అణువులు ఉంటాయంటారు కదా, ఇంత సులువైన లెక్కకి అది ఎంత దగ్గరో చూడండి! ఇప్పుడు అదే ద్రావణంలో ఉప్పు బాగా కలపండి. తలల మీది ఋణావేశం మరుగున పడుతుంది, వికర్షణ తగ్గుతుంది, వైశాల్యం దిగుతుంది, నిష్పత్తి 1/3 దాటుతుంది, గోళాలు కడ్డీలవుతాయి. తోక అదే, తల అదే. కాబట్టి మోడల్ రాసేటప్పుడు వైశాల్యాన్ని లోపలికి ఇవ్వకండి, బయటికి రానివ్వండి. అది బయటికి వచ్చి ప్రయోగంతో సరిపోతే అప్పుడు మీ మోడల్ ఏదో చెప్పినట్టు.

ఇంకో మాట, సీఎంసీ (అణువులు గుంపులు కట్టడం మొదలుపెట్టే కనీస గాఢత) గురించి. మీ సిమ్యులేషన్‌లో నీళ్లలో విడిగా తిరిగే డీపీపీసీ ఒక్కటి కూడా కనిపించి ఉండదు. కనిపించదు కూడా. డీపీపీసీ సీఎంసీ 0.46 నానోమోలార్, అంటే పక్క 1.5 మైక్రోమీటర్లున్న ఘనపు పెట్టెలో సగటున ఒక్క అణువు. ఎస్‌డీఎస్‌కి 8 మిల్లీమోలార్, పక్క 6 నానోమీటర్లున్న పెట్టెలో ఒకటి. అందుకే ఎస్‌డీఎస్ మైసెల్స్ మధ్య అణువులు ఎడతెగకుండా రాకపోకలు సాగిస్తాయి, సమతాస్థితి నిజంగా వస్తుంది. ఫాస్ఫోలిపిడ్‌లో ఒకసారి గుంపులో చేరిన అణువు మీ రన్ మొత్తంలో బయటికి రాదు. సెల్ఫ్ అసెంబ్లీ అని రెండింటికీ ఒకే పేరు పెడతాం కానీ, మొదటిదానికి ద్రవ్యరాశి చర్య సూత్రంతో రాసే సమతాస్థితి సిద్ధాంతం నిక్కచ్చిగా పనికొస్తుంది, రెండోదానికి గుంపులు ఒకదాన్నొకటి ఢీకొని కలవడమే దారి, చరిత్ర మీద ఆధారపడుతుంది. సరదాకి కాదు, నిజంగానే అడుగుతున్నాను, మీ పనికి డీపీపీసీయే కావాలా? సెల్ఫ్ అసెంబ్లీ సిద్ధాంతాన్ని పరీక్షించడమే లక్ష్యమైతే ఎస్‌డీఎస్ లాంటి ఒంటి తోక సర్ఫాక్టెంట్‌తో (సబ్బు లాంటి అణువుతో) మొదలుపెట్టడం చాలా శుభ్రంగా ఉంటుంది.

తోకలు_రెండు:

అందరికీ చాలా చాలా థాంక్స్. వక్రత గారి గిన్నె లెక్క నేనే కూర్చుని మళ్లీ వేశాను, 63 కేటీ వచ్చింది, ఆ క్షణంలో కలిగిన ఆనందం చెప్పలేను. మిట్ట శిఖరం దగ్గర అంచు చుట్టుకొలత మొదట ఉన్నదానిలో సరిగ్గా సగం ఉంటుంది, అంటే సగం అంచు ఇంకా మిగిలే ఉంది. చిత్రం గీసుకుంటే స్పష్టంగా కనిపించింది.

ఉప్పునీరు గారూ, డీపీపీసీయే కావాలి, ప్రాజెక్టు మందు మోసే లిపోజోముల (లిపిడ్ వెసికిల్స్) గురించి. కానీ ఎస్‌డీఎస్ మీద ముందు చేయమన్న సలహా తీసుకుంటాను.

ఇప్పుడు అసలు ఇబ్బంది. 10,500 లిపిడ్లు అంటే చదును బిళ్ల వ్యాసం 66 నానోమీటర్లు. అది గోడకి తగలకుండా ఉండాలంటే పెట్టె అంతకంటే పెద్దది కావాలి. 66 నానోమీటర్ల ఘనపు పెట్టె తీసుకున్నా, మార్టినీలో నాలుగు నీటి అణువులకి ఒక పూస కాబట్టి నీళ్లకే దాదాపు 24 లక్షల పూసలు. మాకున్న క్లస్టర్‌లో ఇది కలే. నీళ్లు లేకుండా చేసే మోడల్స్ ఉన్నాయని విన్నాను, వాటిని నమ్మొచ్చా?

పెట్టె_బయట:

నమ్మొచ్చు, దేనికి నమ్మాలో తెలిస్తే.

నీళ్లు తీసేశాక తోకల్ని కలిపి ఉంచేది మీరు పెట్టే ఆకర్షణ బలమే. మొదట్లో అందరికీ ఎదురైన చిక్కు ఏమిటంటే, మామూలు లెనార్డ్ జోన్స్ ఆకర్షణ (దూరం పెరిగేకొద్దీ త్వరగా తగ్గిపోయేది) పెడితే తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకట్టుకుపోయిన పొర, కాస్త పెంచితే అణువులన్నీ ఆవిరి. మధ్యలో ద్రవంగా ఉండే పొర దొరకదు. కుక్, క్రేమర్, డెసెర్నో 2005లో చూపించిన ఉపాయం చాలా సొగసైనది: ఆకర్షణని లోతు చేయడం కాదు, వెడల్పు చేయాలి. ఒక తల పూస, రెండు తోక పూసలు, అంతే లిపిడ్. తోక పూసల మధ్య ఆకర్షణ పూస వ్యాసానికి ఒకటిన్నర రెట్లకి పైగా అదనపు దూరం దాకా కొసైన్ ఆకారంలో మెల్లగా తగ్గుతుంది. పక్క పూస కాస్త జరిగినా ఆకర్షణ పోదు, కాబట్టి అణువులు జారుతూ తిరగగలవు, విడిపోవు. వాళ్లు ఎక్కువగా వాడే పరామితుల దగ్గర కప్పా 12, 13 కేటీ దగ్గర వస్తుంది, నిజమైన పొరల శ్రేణిలోనే. 10,500 లిపిడ్లంటే 31,500 పూసలే. మామూలు వర్క్‌స్టేషన్ చాలు.

ఏది నమ్మకూడదో కూడా చెప్పాలి. నీళ్లు లేవు కాబట్టి మూసుకునే గిన్నెలోంచి నీళ్లు బయటికి పారాల్సిన పని లేదు, లోపల ఘనపరిమాణం మీద ఏ కట్టుబాటూ లేదు. కాబట్టి మూసుకోవడానికి ఎంత సమయం పట్టిందన్న అంకెకి అర్థం లేదు. శక్తి మిట్టలు, ఆకారాలు, చదును నుంచి మూసుకోవడం ఏ సైజు దగ్గర మారుతుందన్నది, వీటికి మాత్రం ఇది మంచి మోడల్. పక్క గ్రూపు అబ్బాయి ఆల్ ఆటమ్ సలహా గురించి: 2001లో మారింక్ బృందం దాదాపు ఆల్ ఆటమ్ స్థాయి మోడల్‌లోనే (తోకల్లోని హైడ్రోజన్లని మాత్రం కార్బన్లలో కలిపేసి) చెల్లాచెదురు డీపీపీసీ నుంచి పొర రావడం చూపించారు. అది మీరు చూసినట్టే జరిగింది, చివరి నీటి రంధ్రం మూసుకోవడమే అన్నిటికంటే నెమ్మది అంచె. అంటే ఆ అబ్బాయి చెప్పిన దారిలో వెళ్లినా చిన్న పెట్టెలో మీకు ఇదే చదును పొర వస్తుంది, కాకపోతే ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చుతో.

గాజునాళిక:

నేను సిమ్యులేషన్ మనిషిని కాదు, బెంచ్ దగ్గర లిపోజోములు చేస్తాను. అందుకే ఒక ప్రశ్న: మీరంతా వెసికిల్‌ని సమతాస్థితి ఆకారంగా చూస్తున్నారా? డీపీపీసీ పొడి ఫిల్మ్‌ని 41 డిగ్రీలు దాటిన నీళ్లలో నానబెడితే నాకు వచ్చేది అనేక పొరల ముద్ద. దాన్ని సన్నటి రంధ్రాల ఫిల్టర్‌లోంచి తోస్తేనే ఒంటి పొర వెసికిల్స్ వస్తాయి. వాటి సైజు నిర్ణయించేది ఫిల్టర్ రంధ్రం, లిపిడ్ కాదు. శక్తి పెట్టి చేస్తున్నాం, దానంతట అది కాదు. తనంతట తనే వెసికిల్స్ అయ్యే వ్యవస్థలు ఉన్నాయి, 1989లో కాలర్ బృందం వ్యతిరేక ఆవేశాలున్న రెండు సర్ఫాక్టెంట్లని కలిపి చూపించింది, కానీ ఒంటి ఫాస్ఫోలిపిడ్ ఆ కోవలోకి రాదు. తోకలు_రెండు గారి ప్రాజెక్టు మందు మోసే లిపోజోములంటున్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకోటి కూడా. 8 నానోమీటర్ల వ్యాసార్థం దగ్గర పొరని పల్చటి రేకు అనుకోవడం నాకు మింగుడుపడటం లేదు. మందం 4 నానోమీటర్లున్న వస్తువు అది.

వక్రత:

గాజునాళిక గారు లేవనెత్తిన రెండూ సరైనవే, రెండోదానితో మొదలుపెడతాను.

అవును, అక్కడ హెల్‌ఫ్రిష్ లెక్క అంచుల మీద నడుస్తోంది. కంటికి కనిపించే చోటు చూపిస్తాను. మధ్య తలం వ్యాసార్థం 8 నానోమీటర్లు అనుకుని, ఒక్కో అరపొర దానికి 1 నానోమీటర్ అటూ ఇటూ ఉందనుకోండి. బయటి వైశాల్యానికీ లోపలి వైశాల్యానికీ నిష్పత్తి 81కి 49, అంటే 1.65. బయట లోపలి కంటే ఒకటిన్నర రెట్లకి పైగా లిపిడ్లు కావాలి. చదును బిళ్లలో రెండు వైపులా సమానమే. మరి ఆ తేడా ఎలా పూడుతుంది? బిళ్ల తెరిచి ఉన్నంతసేపూ అంచు చుట్టూ లిపిడ్లు ఈ వైపు నుంచి ఆ వైపుకి జారగలవు. మూసుకున్న క్షణం నుంచి ఆ దారి మూతబడుతుంది, ఇక పొర అడ్డంగా దూకాలంటే నిజ జీవితంలో గంటలు, రోజులు. కాబట్టి మూసుకునే వేగం లిపిడ్లు సర్దుకునే వేగం కంటే ఎక్కువైతే ఒత్తిడిలో ఇరుక్కున్న వెసికిల్ వస్తుంది. తోకలు_రెండు గారూ, మీరు వెసికిల్‌ని ముందే కట్టి సిమ్యులేషన్ మొదలుపెట్టాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. చాలామంది అందుకే మొదట్లో పొరలో కొన్ని రంధ్రాలు తెరిచి ఉంచి, లిపిడ్లూ నీళ్లూ సర్దుకున్నాక మూసేస్తారు.

మొదటి విషయానికి వస్తే, ఫాస్ఫోలిపిడ్ వెసికిల్ సమతాస్థితి కాదని నేనూ ఒప్పుకుంటాను. 8 × పై × కప్పా అంటే 500 కేటీ, గాసియన్ భాగం సగం తీసేసినా 250 మిగులుతుంది. ఒక్కో వెసికిల్‌కి అంత వంపు శక్తి దాచుకుని ఉంటే, రెండు కలిసి ఒకటైతే ఒక వెసికిల్ ఖర్చు మొత్తం ఆదా. అయినా కలవకుండా ఉండటానికి కారణం కలవడానికి దాటాల్సిన మిట్ట. కాలర్ మిశ్రమాల్లో రెండు అరపొరల కూర్పు వేరుగా ఉండి బయటిది తన తలల వైపు ఉబ్బాలని, లోపలిది తన తలల వైపు ముడుచుకోవాలని, అంటే రెండూ ఒకే గోళపు వంపుని కోరుకుంటే వంపు ఖర్చు పడిపోతుంది, అప్పుడే వెసికిల్ నిజమైన సమతాస్థితి అవుతుంది. అయితే ఇది సిద్ధాంతాన్ని పక్కన పెట్టాల్సిన కారణం కాదు, వెసికిల్ ఎంతకాలం నిలుస్తుందో చెప్పేది కూడా ఇవే మిట్టలు. మందు మోసే లిపోజోముకి కావాల్సింది అదేగా.

తోకలు_రెండు:

గాజునాళిక గారూ, మీ మాటతో నా ప్రశ్నే మారిపోయింది. "లిపోజోమ్ ఎలా ఏర్పడుతుంది" అని కాకుండా "ఏర్పడిన లిపోజోమ్ ఎందుకు తెరుచుకోదు, ఏం కలిపితే తెరుచుకుంటుంది" అని గైడ్‌తో మాట్లాడబోతున్నాను. వక్రత గారి లెక్కనే తిరగేస్తే గోళం వైపు నుంచి మిట్ట ఎంతో తెలుస్తుంది కదా. లైన్ టెన్షన్ తగ్గించే అణువు అంచుకి చేరితే ఆ మిట్ట ఎలా మారుతుందన్నది మూడు పూసల మోడల్‌తోనే చేయొచ్చనిపిస్తోంది.

ఒక్క చివరి సందేహం. కప్పా, లైన్ టెన్షన్ నేను పుస్తకం విలువలు వాడకూడదు, నా మోడల్‌లోవి కొలవాలి, ఇది అర్థమైంది. ఎలా కొలిస్తే సులువు?

ఉప్పునీరు:

లైన్ టెన్షన్‌కి పొరని పట్టీలా కట్టండి. ఒక దిశలో పెట్టె దాటి తనతో తను అతుక్కోవాలి, రెండో దిశలో రెండు పక్కలా ఖాళీ ఉండాలి. అప్పుడు సరిగ్గా రెండు అంచులుంటాయి, పట్టీ పొడవు దిశలో లాగుతున్న బలాన్ని రెండుతో భాగిస్తే లైన్ టెన్షన్ వస్తుంది. పెట్టె ఆ దిశలో పొడవు మార్చకుండా బిగించి ఉంచండి, పట్టీ వెడల్పు రెండు అంచులూ ఒకదాన్నొకటి పట్టించుకోనంత ఉండాలి. మీరు చెప్పిన అణువుని కలిపాక అదే పట్టీ మళ్లీ నడిపితే తేడా నేరుగా కనిపిస్తుంది, ఆ అణువు అంచుకి చేరిందో లేదో కూడా బొమ్మలోనే తెలిసిపోతుంది.

కప్పాకి రెండు దారులు. పెద్ద చదును పొర అలల్ని ఫూరియే విశ్లేషణ చేయడం ఒకటి, అందులో పొర మందం కంటే పొడవైన అలల్నే తీసుకోవాలి, పొడవైన అలలు కుదురుకోవడానికి చాలా సమయం పడుతుంది, అదే దాని బాధ. రెండోది హర్మందారిస్, డెసెర్నో 2006లో వాడిన గొట్టం పద్ధతి, నాకు ఇదే నచ్చుతుంది. పొరని గొట్టంలా చుట్టి పెట్టెకి అడ్డంగా అతికించండి, గొట్టం పొడవు దిశలో బలాన్ని కొలిచి వ్యాసార్థంతో గుణించి 2 పైతో భాగిస్తే కప్పా. కప్పా 82 అయి వ్యాసార్థం 10 నానోమీటర్లయితే బలం 51 పీకోన్యూటన్ల దగ్గర రావాలి, సరిచూసుకోవడానికి చెబుతున్నాను. నీళ్లు లేని మోడల్‌లో ఇది ఇంకా హాయి, గొట్టం లోపలి నీళ్ల ఒత్తిడి గోల ఉండదు. రెండు మూడు వ్యాసార్థాల దగ్గర చేసి కప్పా ఒకటే వస్తోందా చూడండి. చిన్న వ్యాసార్థం దగ్గర విలువ జరగడం మొదలైతే, గాజునాళిక గారి అనుమానం మీ మోడల్‌లో ఏ సైజు దగ్గర నిజమవుతుందో మీకు అక్కడే దొరుకుతుంది.